సూస్తె సీటైతదా

మా కాలేజీలో పిల్లలు నన్ను 'మేడం' అంటారు. కొత్తామెను 'అక్కా' అంటారు. నేను పందొమ్మిదేళ్లుగా అక్కడ కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఆమె వచ్చి అప్పటికి ఒక సెమిస్టర్ కూడా నిండలేదు.

నల్లగొండలో అదొక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. కంప్యూటర్ డిపార్ట్‌మెంటు అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక ఫ్యాను. సీనియారిటీ ప్రకారం ఫ్యాను కింది బల్ల నాది. ఆమె వచ్చాక కూడా బల్ల నాదే, ఫ్యాను నాదే. పిల్లలు మాత్రం గాలి ఆడని ఆ మూలకే పోయి గుమిగూడేవాళ్లు. నేను పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చుని ఒక్కొక్క నవ్వూ లెక్కపెట్టేదాన్ని.

ఆమెది పాలమూరు వైపు, కోస్గి దగ్గర పల్లె. హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లు చేసి, భర్తకు ఇక్కడ ఉద్యోగం రావడంతో మా కాలేజీకి వచ్చింది. నారాయణపేట నూలు చీరలు కట్టేది. నా బీరువాలోనూ అవి మూడు ఉన్నాయి. ఆమెను చూసి నేర్చుకున్నానంటారేమోనని నావి కట్టడం మానేశాను. ఉడకబెట్టిన పల్లికాయ డబ్బాలో తెచ్చి అందరికీ పెట్టేది. నాకూ పెట్టేది. తినేదాన్ని. తింటూనే ఉప్పు ఎక్కువైందనేదాన్ని.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఇంకొకటి. ఎవరన్నా ప్రశ్న అడిగితే క్లాసు మధ్యలో, సిగ్గులేకుండా, "నాకు తెల్వదు, చూసి రేపు చెప్త" అనేది. మర్నాడు నిజంగానే చెప్పేది. పందొమ్మిదేళ్లలో నేను ఆ మాట ఒక్కసారి అనలేదు. తెలియనప్పుడు "అది సిలబస్‌లో లేదు" అన్నాను.

నాకంటూ ఒకటుండేది. హాస్టల్ పాస్‌ల ప్రోగ్రాం. అంతకుముందు బయటికి పోవాలంటే పిల్లలు వార్డెనమ్మ ముందు లావుపాటి రిజిస్టరు పట్టుకుని వరుస కట్టేవాళ్లు. కరోనా తర్వాతి వేసవి సెలవుల్లో నేనొక్కదాన్నే కూర్చుని దాన్ని ఫోన్‌లోకి తెచ్చాను. ఎవరికీ తేడా లేకుండా నెలకు ఒక్కొక్కరికి రెండు పాస్‌లు. నొక్కితే నంబరుతో స్లిప్పు వస్తుంది, గేటు దగ్గర ఆ నంబరు చూపించి పోతారు. ప్రిన్సిపల్ సారు మీటింగులో చప్పట్లు కొట్టించారు. దానికి వేరే పేరు పెట్టినా ఎవరూ పలకలేదు. 'మేడం ప్రోగ్రాం' అనేవాళ్లు. పోనీ, పేరులో నేనైనా ఉన్నాను.

ఒక నెలాఖరున వార్డెనమ్మ మూడు స్లిప్పులు ప్రింటు తీయించి తెచ్చి ప్రిన్సిపల్ బల్ల మీద పెట్టింది. మూడూ ఒకే అమ్మాయివి, ఒకే నెలవి. సెకండియర్ అమ్మాయి, దేవరకొండ అవతలి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. నన్ను పిలిచారు. కంప్యూటర్లో చూశాను. ఆ అమ్మాయి పేరు ఎదురుగా మిగిలిన పాస్‌లు: సున్నా. లెక్క సరిగ్గా ఉంది. స్లిప్పులు మాత్రం మూడున్నాయి.

"దొంగ పాసు జేసింది సార్," అంది వార్డెనమ్మ. "ఇయ్యాల పాసు జేస్తది, రేపు మార్కుల మెమో జేస్తది."

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేనేం జెయ్యలేదు సార్. ఫోన్ల వచ్చింది, వాడుకున్న. స్కాలర్‌షిప్‌కు వేలిముద్ర వెయ్యాలె. నెట్ సెంటర్ల పడుతలేదు. రెండుసార్లు పోయిన, పడలే. తారీఖు దగ్గరవడ్తున్నదని మూడోసారి పోయిన, గప్పుడు గూడ పడలే."

"ఏలిముద్ర ఎందుకు పడది?" అన్నారు సారు.

ఆమె చేతులు చూపించింది. దసరా సెలవులంతా పత్తి ఏరింది. వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉన్నాయి, గీతలే లేవు.

సారుకు జాలి కలిగినట్టే ఉంది. అయినా దొంగ పాస్ అంటే హాస్టల్ ఖాళీ చేయించాలి, అది నియమం. హాస్టల్ పోతే ఆమె చదువు పోయినట్టే. వాళ్ల ఊరి మొదటి బస్సు నల్లగొండ చేరేసరికి ఇక్కడ రెండు పీరియడ్లు అయిపోతాయి. సారు నన్నే అడిగారు: "మేడం, ప్రోగ్రాం తప్పు జేసే అవకాశముందా?"

"లేదు సార్," అన్నాను. "మిగిలి ఉన్నయా లేవా అని చూడకుండ అది పాస్ ఇయ్యదు. రాసింది నేను."

సోమవారం పదకొండింటికి తేలుస్తామన్నారు.

గదికి వచ్చేసరికి కొత్తామెకు సంగతి చేరిపోయింది. ఆమెకు ఎలా చేరుతాయో అన్నీ ముందే చేరుతాయి. కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"మేడం, ఒక మాట అడుగుత, ఏమనుకోకున్రి. మీ ప్రోగ్రాం మిగిలిన పాసులు చూసుడుకు, తగ్గించి రాసుడుకు నడుమ ఎంతసేపు పడ్తది?"

"రెప్పపాటు గూడ పట్టది."

"ఆ రెప్పపాటుల ఇంకొక అడుగుడు వస్తె?"

"గంత సందులకెంచి వచ్చేతందుకు గాళ్లేమన్న దయ్యాలా?"

ఆమె నవ్వలేదు. "కంపెనీల మాకు గిట్లనే అయింది మేడం. ఒకటే కూపన్‌ను ఒకామె ఒక్క క్షణంల ఇరవైసార్లు వాడింది. చేతితోని గాదు, ప్రోగ్రాం రాసి అడిగింది. తాళం ఇరగ్గొట్టలే, ఏం జెయ్యలే. సందు చూసుకున్నది."

"గది మీ కంపెనీ. గిది నా ప్రోగ్రాం," అన్నాను. "సరే మేడం, సోమవారం సారు ముందట రెండు ఫోన్లతోని నొక్కి చూపిస్త," అందామె.

ఆమె చెప్పేదేమిటో నాకు తెలియక కాదు. దాన్ని రేస్ కండిషన్ అంటారు. మూడో సంవత్సరం పిల్లలకు ఏటా నోట్సు చెప్పి రాయిస్తాను: రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకేసారి ముట్టుకుంటే, ఎవరు ముందు ఎవరు వెనక అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడం. పది మార్కుల ప్రశ్న. ఎన్ని వందల జవాబులకు మార్కులేశానో. అది నా ఇంట్లోకి, నేను రాసిన పాతిక వాక్యాల్లోకి వచ్చి కూర్చుంటుందని ఎన్నడూ అనుకోలేదు. అది పరీక్ష పేపర్లో ఉండే వస్తువు నాకు.

శనివారం పిల్లలు పోయాక ల్యాబులో రెండు కంప్యూటర్ల ముందు చేతులు చాచి కూర్చుని, ఒకే పేరుతో, ప్రతిసారీ ఒక్క పాసే మిగిలినట్టు పెట్టి, రెండు చేతులతో ఒకేసారి నొక్కాను. ఒక్కటే పాస్ వచ్చింది. పదిసార్లు నొక్కాను. పదిసార్లూ ఒక్కటే. ఎంత సంతోషమైందంటే ఇంటికి పోయేటప్పుడు మిర్చిబజ్జీలు కొనుక్కున్నాను.

ఆదివారం యాదగిరిగుట్ట పోవాల్సి ఉంది, పాత మొక్కు. ఆడవాళ్లకు టికెట్ లేని రోజులు వచ్చాక బస్టాండులో ఆదివారం ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గుట్ట బస్సు ఇంకా ఆగకముందే జనం దాని వెంట ఉరుకుతున్నారు. కిటికీలోంచి చూశాను. మూడో వరుసలో సీటు ఖాళీ. ఆ సీటునే కళ్లలో పెట్టుకుని తలుపు దగ్గర తోసుకుని, ఎవరి మోచెయ్యో పక్కలో దిగుతుంటే భరించి, ఎక్కాను. సీటు మీద ఒక దస్తీ, చేతిరుమాలంత గుడ్డ, ఉంది. పసుపు రంగు అంచు, ఒక మూలన ముడి. దాన్ని పక్కకు నెట్టి కూర్చోబోతుంటే వెనక నుంచి ఒక పెద్దమ్మ నా భుజం పట్టి ఆపింది. కిందినుంచి కిటికీలోంచి ఆ దస్తీ వేసింది ఆమేనట.

"జరుగమ్మా, నాది గది."

"ఇది నేను జూసుకున్న సీటు," అన్నాను.

"యాడ జూసినవు?"

"కిందికెంచే జూసిన. ఖాళీగుంటెనే ఎక్కిన."

"సూస్తె సీటైతదా? సూసేటోళ్లు బస్టాండంత ఉన్నరు. దస్తీ ఎయ్యాలె."

"నీ దస్తీ పడకముందే నేను జూసిన!"

"ఐతె నీ సూపును ఆడ కూసోవెట్టు. నువ్వు నిలవడు."

బస్సంతా నవ్వింది. వెనక సీటులో ఎవరో "సదువుకున్న సారమ్మ లెక్కున్నది, దస్తీ ఎయ్యరాదా పాపం" అన్నారు. పెద్దమ్మ దస్తీ తీసి మొహం తుడుచుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. చిట్యాల దాకా ఆమెను ఏమనాల్సిందో ఒక్కొక్కటీ గుర్తుకొచ్చి మండుతూనే ఉన్నాను. నేను చూసినప్పుడు సీటు ఖాళీగా ఉందా లేదా? ఉంది. అబద్ధమాడానా? ఆడలేదు. మరి తప్పెక్కడ?

చిట్యాల దాటాక తెలిసింది.

నా ప్రోగ్రాం కూడా కిందినుంచే చూస్తుంది. పాస్ మిగిలి ఉందా అని చూస్తుంది. ఉంటే స్లిప్పు ఇస్తుంది. ఆ తర్వాతే, తాను చూసిన అంకెలోంచి ఒకటి తీసేసి రాస్తుంది. ఒకే అమ్మాయి పేరుతో రెండు ఫోన్లు ఒకే క్షణంలో అడిగితే రెండింటికీ 'ఒకటి ఉంది' అనే కనిపిస్తుంది. రెండింటికీ స్లిప్పు వస్తుంది. రెండూ ఒకటిలోంచి ఒకటి తీసి సున్నా రాస్తాయి. ఒక సున్నా మీద ఇంకో సున్నా. తర్వాత నేను పోయి చూస్తే సున్నాయే ఉంటుంది, లెక్క సరిపోయిందంటాను. ల్యాబులో వైరు నెట్టు వేగానికి ఆ సందు నాకు దొరకలేదు. హాస్టల్లో నత్తలాంటి సిగ్నల్‌కు అది బస్సు తలుపంత తెరుచుకుంటుంది.

స్వామికి దండం పెట్టానో లేదో గుర్తులేదు. మధ్యాహ్నానికల్లా తిరుగు బస్సెక్కాను.

ఇంట్లో లాప్‌టాప్ తీసి, చూడటానికీ రాయడానికీ మధ్య కావాలనే రెండు సెకన్లు ఆపు పెట్టాను. నా ఫోన్, మా ఆయన ఫోన్ పక్కపక్కన పెట్టుకుని నొక్కాను. రెండు స్లిప్పులు. రెండు నంబర్లు. రెండూ అసలైనవే. మిగిలినవి: సున్నా.

దిద్దడానికి గంట పట్టింది. పాస్ అడగ్గానే, ఏమీ చూడకముందే, ఆ అమ్మాయి పేరు మీద ఒక గుర్తు పడాలి. ఒక పేరు మీద ఒక్క గుర్తే పడుతుంది. గుర్తు వేయగలిగినవాళ్లే లోపల ఏముందో చూడొచ్చు, రెండోవాళ్లు బయట ఆగాలి. పని అయ్యాక గుర్తు తీసేయాలి. దస్తీ, అంతే. సాయంత్రం ఆరున్నరకల్లా కాలేజీ కంప్యూటర్లోకి ఎక్కించేశాను.

ఎవరికీ చెప్పలేదు. తప్పును దిద్దడం తప్పా? అని నన్ను నేనే అడిగి, కాదని నేనే గెలిచాను. కొత్తామె సోమవారం అందరి ముందూ నా ప్రోగ్రాంను పట్టిస్తానంటోంది కదా. పట్టించనీ, చూద్దాం.

సోమవారం పదకొండింటికి ఆమె రెండు ఫోన్లు తెచ్చింది. ప్రిన్సిపల్ గదిలో సారు, వార్డెనమ్మ, నేను, గోడకానుకుని ఆ అమ్మాయి. కొత్తామె తన పేరును పరీక్ష కోసం ఎక్కించమంది, ప్రతిసారీ ఒక్క పాసే మిగిలినట్టు ఎక్కించాను. రెండు బొటనవేళ్లతో నొక్కింది. ఒక్క పాస్. మళ్లీ నొక్కింది. ఒక్కటే. ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు. ఆమె నుదురు మీద చెమట చూశాను. బొట్టు పక్కన సన్నగా మొదలైంది.

తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు బాగుండేది. లెక్క ఎక్కడో తానే తప్పానేమోనని తనను తానే అనుమానపడుతోంది. అబద్ధం ఎందుకు, నాకు హాయిగా అనిపించింది. ఇన్ని నెలల తర్వాత ఫ్యాను గాలి నిజంగా నా ఒంటికి తగిలింది.

"ఇంక చాలు తియ్ అమ్మా," అన్నారు సారు ఆమెతో. నాకు ఒక కాగితం జరిపారు. "మేడం, మీరు ఒక్క ముక్క రాసి సంతకం పెట్టున్రి. ప్రోగ్రాంల లోపం లేదని. ఫైల్ల పెడ్త."

పెన్ను తీశాను. 'ప్రోగ్రాంలో లోపం' దాకా రాశాను. తర్వాతి మాట 'లేదు'. ఎంత మంచి మాట అది! ఇవాళ లేదు అన్నా అదే, మొన్న లేదు అన్నా అదే. ఈ క్షణం నా ప్రోగ్రాంలో లోపం లేదు, నిజం. చదివేవాళ్లు ఎన్నడూ లేదనుకుంటే వాళ్ల ఖర్మ. వాదిస్తే గెలుస్తాను, కోర్టులోనైనా గెలుస్తాను. చదువుకున్న నలభై ఎనిమిదేళ్ల ఆడదాన్ని, రెండక్షరాల వెనక దాక్కోవడానికి ఒళ్లంతా ముడుచుకుంటున్నాను.

అప్పుడు గోడ దగ్గర నుంచి ఆ అమ్మాయి అడిగింది. ఏడవడం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"మేడం, మీ ప్రోగ్రాం తప్పు జెయ్యదంటున్నరు. నేను దొంగ పాస్ జెయ్యలే. మరి గా మూడోది నాకు ఎవరిచ్చిండ్రు మేడం?"

ఆ అమ్మాయికి దొంగ పాస్ చేయడం రాదు. నా క్లాసులోదే, ఫోల్డరు ఎక్కడ దాచిందో మర్చిపోయే పిల్ల. ఇచ్చింది నేను.

'లేదు' రాయలేదు. 'ఉండింది' అని రాశాను. కిందనే, 'నిన్న సాయంత్రం ఆరున్నర దాకా ఉండింది. రాసింది నేనే, ఎవరికీ చెప్పకుండా దిద్దింది నేనే' అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ అంత వంకరగా రాలేదు.

సారు చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ చదివారు. "ఇదేంది మేడం?"

బస్సు సంగతంతా చెప్పాను. పెద్దమ్మ మాటలతో సహా చెప్పాల్సి వచ్చింది. సారు నవ్వు ఆపుకోలేకపోయారు, వార్డెనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంట తెచ్చిన నా లాప్‌టాప్‌లో పాత ప్రోగ్రాం ఇంకా ఉంది. సందు చిన్నగానే ఉంచి, ఆపేమీ పెట్టకుండా, చెరొక ఫోన్ కొత్తామెకూ ఆ అమ్మాయికీ ఇచ్చి నొక్కమన్నాను. ఒక్కటే వచ్చింది.

"అట్ల గాదు అక్కా," అంది అమ్మాయి మరిచిపోయి, "సిగ్నల్ ఒక్క గీత ఉన్నకాడ నిలవడి, ఒకటి, రెండు అనుకుంట నొక్కాలె."

అమ్మాయి నాలుక కరుచుకుంది.

"ఓహో," అన్నారు సారు. "ఇంకెందరికొస్తది ఈ విద్య?"

"హాస్టల్ల రెండో అంతస్తంత ఎరుకనే సార్. జంట పాస్ అంటం. ముందుగాల్ల సిగ్నల్ దొరుకక రెండు ఫోన్లు పెట్టి నొక్కినం, రెండిట్ల వచ్చింది. అప్పటికెంచి..." కొత్తామె వైపు చూసింది. "అక్కకు గూడ ఎరుకనే."

సిగ్నల్ ఒక్క గీతే ఉన్న కిటికీ దగ్గరికి పోయి నిలబడి ఇద్దరూ నొక్కారు. ఒకటి, రెండు. రెండు స్లిప్పులు వచ్చాయి. ఎవరూ వాటి వైపు సరిగా చూడలేదు. నేనైతే ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అక్కకు గూడ ఎరుకనే. పందొమ్మిదేళ్లు. ఒక్క పిల్ల వచ్చి, మేడం మీ ప్రోగ్రాం ఇట్లా చేస్తోంది అని నా బల్ల దగ్గర నిలబడలేదు. నిన్నగాక మొన్న వచ్చినామెకు రెండో అంతస్తంతా చెప్పుకుంది.

"నన్ను నమ్మి చెప్పిండ్రు సార్, పేర్లు చెప్పనన్న," అంది కొత్తామె. "అందుకే నొక్కి చూపిస్తననుకున్న."

అమ్మాయి హాస్టల్ నిలిచింది. దొంగ పాస్ అన్న మాట కొట్టేశారు. వాడుకున్న మూడోదానికి బదులు వచ్చే నెలలో ఒకటి తగ్గించమన్నారు, తగ్గించాను. చూడటం, తగ్గించడం రెండూ చేతితోనే.

గదికి వచ్చాక కొత్తామె దెప్పుతుందనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె డబ్బా మూత తీసి పల్లికాయ నా వైపు జరిపింది.

"మేడం, దస్తీ ముచ్చట మస్తుగ చెప్పిన్రు. రేపు క్లాసుల చెప్పుకోనా?"

చూశారా, అది కూడా కావాలామెకు. "చెప్పుకో," అన్నాను. "బస్సు నాదని చెప్పు."

బుధవారం ఒక ఫస్టియర్ అమ్మాయి వచ్చింది. రెండు రోజులుగా పాసే రావడం లేదట, నొక్కితే 'ఆగండి' అని మాత్రమే వస్తోందట. కొత్తామె వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, నేను ఆదివారం రాసింది చదివింది. నా మెడ మీద ఆమె ఊపిరి తగులుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను.

"మేడం, దస్తీ ఏసినామె బస్సెక్కకుంట ఇంటికి పోతె?"

నడుమ సిగ్నల్ తెగిపోయింది. గుర్తు పడింది, తీసేవాళ్లు లేరు. ఖాళీ సీటు మీద దస్తీ, బస్సు నిండా నిలబడ్డ జనం. ఆమె చెప్పకముందే నాకు తట్టిందని చెప్పాలని ఉంది. తట్టలేదు.

"మరేం జెయ్యాలంటవ్?" అన్నాను.

"దస్తీ ఎందుకు మేడం? నేరుగ కూసుందాం. ఒకటన్న మిగిలుంటెనే ఒకటి తియ్యి, తీసినవో లేదో చెప్పు, అని ఒక్కటే వాక్యంల అడుగుదాం. చూసుడు, తీసుడు ఒక్కటే పని. నడుమ సందు ఉండది. తీసిన అంటెనే స్లిప్పు."

నేను గంటసేపు రాసింది తీసేసి ఆ ఒక్క వాక్యం రాశాను. పనిచేసింది. రెండో అంతస్తు నుంచి నలుగుర్ని పిలిపించి, నాలుగు ఫోన్లు ఇచ్చి, కిటికీ దగ్గర నిలబెట్టి, దీన్ని చెడగొట్టండని చెప్పాను. నా జీవితంలో పిల్లల్ని అలా అడగడం అదే మొదలు. పీరియడంతా ఒకటి, రెండు అనుకుంటూ నొక్కారు. నా ఫ్యాను కిందే. చెడలేదు.

మర్నాడు ఆమె క్లాసులోంచి "సూస్తె సీటైతదా" అని పిల్లలందరూ కలిసి అనడం, పగలబడి నవ్వడం వరండాలోకి వినిపించింది. నాకంటే బాగా చెప్పి ఉంటుంది.

వారం తర్వాత దేవరకొండ వైపు అమ్మాయి వరండాలో గబగబా వస్తుంటే తలుపులోంచి కనిపించింది. బొటనవేలు పైకెత్తి పట్టుకుని వస్తోంది. నెట్ సెంటర్లో ముద్ర పడిందన్నమాట. ఆ సంగతి చెప్పడానికే వస్తోంది. పెన్ను పక్కన పెట్టి, పేపర్లు జరిపి, బల్ల ముందు కుర్చీ కూడా కొంచెం బయటికి లాగి ఉంచాను. ఆమె లోపలికి వచ్చి, నా బల్ల దాటి, "అక్కా, పడింది!" అంటూ మూలకు పోయింది.

వస్తుంటే ముందు చూసింది నేనే.